తిట్టము: ఒక వ్యతిరేక క్రియ

2024 మార్చి 14న టంకసాల వీధి దగ్గర ముఖ్యమంత్రి హోదాలో స్టాలిన్ ప్రారంభించిన ‘వడ చెన్నై వళర్చి తిట్టం’ మీద ఆ వారం వెలువడిన వ్యాఖ్యానాలన్నీ దానికి ప్రకటించిన 4,181 కోట్ల రూపాయలను, దాని కిందికి వచ్చే 219 పనులను లెక్కపెట్టడంతోనే అలసిపోయి, పేరులోని చివరి మాటను వ్యాకరణ దృష్టితో పరిశీలించే పనిని వదిలేశాయి. తమిళంలో వడ అంటే ఉత్తరం, వళర్చి అంటే అభివృద్ధి, తిట్టం అంటే పథకం కనుక మూడూ కలిసి ఉత్తర చెన్నై అభివృద్ధి పథకం అవుతుందన్నది సర్కారు వారి టీక. ఆ టీకతో పేచీ లేదు గాని, జార్జిటౌను నుంచి తిరువొత్తియూరు దాకా తరతరాలుగా కాపురముంటున్న తెలుగువారి చెవికి అదే మాట మరొక విధంగా, ఇంకాస్త నిజాయతీగా వినబడుతుంది. ‘తిట్టు’ ధాతువుకు వ్యతిరేకార్థంలో, ఉత్తమ పురుష బహువచనంలో, అంటే ‘మేము’, ‘మనము’ అనే కర్తలకు తగిలే రూపం ‘తిట్టము’; వాడుకలో ‘తిట్టం’. దూషించము, కసురుకోము, గట్టిగా ఒక్క మాట అనము అని దాని భావం. ఇంత ఖర్చుపెట్టి ఇంత స్పష్టమైన హామీని ఏ ప్రభుత్వమూ ఇంతకు ముందు ఇచ్చి ఉండదు.

ఒక భాష మాటను మరొక భాష చెవితో వినడం శాస్త్రసమ్మతమేనా అనే శంకకు ఉత్తర చెన్నై వీధులే సమాధానం చెబుతాయి. సభ జరిగిన ప్రాంతం కుంపిణీవారు నాణేలు ముద్రించిన మింట్ వీధి. తెలుగువారి టంకసాలకూ తమిళుల తంగసాలైకీ మధ్య దూరం ఒక శ్వాసకు మించదు. తిరువొత్తియూరులోని కాలడిపేట కథ ఇంకా విశదమైనది. 1717 నుంచి 1720 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న జోసెఫ్ కోలెట్ నేతగాళ్ల కోసం పెట్టిన పేట మొదట కోలెట్‌పేట అయి, జనం నోట నలిగి నలిగి కాలడిపేటగా మారి, నేడు మెట్రో స్టేషను బోర్డు మీద ఆ పేరుతోనే స్థిరపడింది. తమిళంలో కాలడి అంటే పాదం. గవర్నరును పాదం చేసుకున్న ఊరికి పథకాన్ని క్రియాపదం చేసుకునే హక్కు లేదనడం న్యాయం కాదు.

ఇక్కడ ఒక పూర్వపక్షాన్ని, అంటే సిద్ధాంతానికి ముందు ఖండించవలసిన ఎదుటివారి వాదాన్ని, ఎత్తుకోక తప్పదు. తమిళ లిపిలో తకార దకారాలకు ఒకటే అక్షరం కాబట్టి ఆ మాటను ‘దిట్టం’ అని చదవాలని ప్రభుత్వ పక్షపు పండితులు అనవచ్చు. దిట్టం అంటే గట్టిది, కొలత ప్రకారం అమర్చినది. తిరుమల పోటులో, అంటే శ్రీవారి ప్రసాదాల వంటశాలలో, ఇన్ని లడ్డూలకు ఇంత సెనగపిండి, ఇంత చక్కెర, ఇంత నెయ్యి అని తూచి నిర్ణయించిన పట్టీకి కూడా దిట్టమనే పేరు. ఈ పాఠం రెండు కారణాల వల్ల నిలవదు. మొదటిది సంధి. తమిళ రాతలో వళర్చి తరువాత ఆ హల్లు ద్విత్వమై ‘వళర్చిత్తిట్టం’ అవుతుంది. ద్విత్వమైన హల్లు తమిళంలో పరుషంగానే, అంటే క చ ట త ప ల వరుసలోనే, పలుకుతుంది గాని సరళమై దకారంగా మారదు. రెండవది పాకశాస్త్రం. మొదట 1,000 కోట్లని ప్రకటించి, పొయ్యి వెలిగించే లోపే 4,181 కోట్లకు పొంగిన పిండిని ఏ పోటులోనూ దిట్టమనరు. పైగా దిట్టం ఉన్నచోట ప్రతిదానికీ ఒక కొలత ఉండాలి. ఆ వారం పత్రికలకెక్కిన అంకెలు కోట్లలో ఉన్నాయే తప్ప మైక్రోగ్రాములలో లేవు. కనుక ‘తిట్టం’ అన్నదే శుద్ధపాఠం.

నగరపు పాత నడిబొడ్డుకు, అమెరికావారు డౌన్‌టౌన్ అని పిలిచేదానికి, తిరిగి ప్రాణం పోయడం ఇటీవల ప్రభుత్వాలకు ఇష్టమైన పని. ప్రాణం పోస్తామన్నవారు అది ఎలా పోయిందో చెప్పనక్కరలేదన్నది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం. కన్యకాపరమేశ్వరి దేవస్థానం వారి కొత్వాల్ చావడి నుంచి కూరగాయల మార్కెట్టు 1996లోనూ, బ్రాడ్‌వే నుంచి పై ఊళ్ల బస్సులు 2002లోనూ కోయంబేడుకు తరలిపోయాయి; కొత్తగా వచ్చిన కంప్యూటరు కొలువులు దక్షిణాన పాత మహాబలిపురం రోడ్డు పట్టాయి. ఎటూ తరలిపోకుండా ఉత్తరాన్నే నమ్ముకుని ఉన్నవి మనలి రిఫైనరీ, ఎరువుల కర్మాగారాలు, బొగ్గు విద్యుత్కేంద్రాలు, కొడుంగైయూరు చెత్తగుట్ట. ఇంత విశ్వాసపాత్రులను ఎవరైనా తిడతారా? 2011లో నగరపాలక సంస్థలో కలిసిన తిరువొత్తియూరు దాని మండలాలలో ఒకటవది, కాబట్టి చెన్నైని లెక్కపెట్టడం అక్కడినుంచే మొదలవుతుంది, లెక్కపెట్టడం మాత్రమే.

క్రియకు కర్త ఎవరన్నది తరువాతి ప్రశ్న. తెలుగులో ‘మేము’ అంటే వినేవారిని మినహాయించి చెప్పుకునేది, ‘మనము’ అంటే వారిని కూడా కలుపుకునేది. క్రియారూపం మాత్రం రెండింటికీ ఒకటే. ‘మేము తిట్టం’ అని చదివితే అది అధికారులు కర్మాగారాలకు ఇచ్చిన మాట అవుతుంది. ‘మనం తిట్టం’ అని చదివితే పథకం కింద బస్టాండు, గ్రంథాలయం, కొత్త గృహసముదాయం అందుకున్న జనం కూడా ఆ మాటలో పూచీదారులవుతారు, ఆపైన దగ్గు వచ్చినా అది సొంత ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. పథకం బలమంతా ఈ సందిగ్ధంలోనే ఉంది. ఇంకొక విశేషం కూడా గమనించదగినది: మనలి రిఫైనరీ కేంద్రప్రభుత్వ సంస్థ అయిన ఇండియన్ ఆయిల్‌కు అనుబంధ సంస్థ, దానిపై నిఘా ఉంచవలసిన కాలుష్య నియంత్రణ మండలి రాష్ట్రానిది, పొద్దున లేస్తే ఒకరినొకరు తిట్టుకునే ఢిల్లీ, చెన్నై ప్రభుత్వాలు ఈ ఒక్క క్రియ దగ్గరికి వచ్చేసరికి ఎంతో సామరస్యంతో ‘మనము’ అయిపోతాయి.

తిట్టు సకర్మక ధాతువు, అంటే ‘ఎవరిని?’ అన్న ప్రశ్నకు జవాబు కోరే క్రియ. పథకం పేరులో ఆ జవాబు లేదు కనుక అధ్యాహారం, అంటే లోపించిన పదాన్ని సందర్భాన్ని బట్టి చేర్చుకోవడం, అవసరమవుతుంది. సందర్భం మరీ పాతది కూడా కాదు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను కురిసినప్పుడు మనలిలోని చెన్నై పెట్రోలియం కార్పొరేషన్ ఆవరణ నుంచి వరదనీటితో కలిసి వచ్చిన చమురు, బకింగ్‌హాం కాలువ మీదుగా ఎన్నూరు ఏటిమొగలోకి, అక్కడినుంచి సముద్రంలోకి పాకింది. తమ గొట్టాలలో ఎక్కడా లీకు లేదని సంస్థ మొదట ప్రకటించింది కాబట్టి ఏటి మీద తేలుతున్న ఆ నల్లని తెట్టును కర్తలేని వాక్యమని అనుకోవాలి. కర్తలేని వాక్యాన్ని జాలర్లు మగ్గులతో, ఒట్టి చేతులతో తోడిపోశారు. మూడు వారాలు తిరిగేసరికి, డిసెంబరు 26 రాత్రి పన్నెండు గంటలు కావస్తుండగా, పెరియకుప్పం దగ్గర కోరమండల్ ఇంటర్నేషనల్ వారి సముద్రగర్భపు గొట్టం నుంచి అమోనియా లేచింది. కాలుష్య నియంత్రణ మండలి కొలిచి చూస్తే, ఘనమీటరు గాలిలో 400 మైక్రోగ్రాములు దాటకూడనిది ఫ్యాక్టరీ గేటు దగ్గర 2,090, లీటరు సముద్రపు నీటిలో 5 మిల్లీగ్రాములు దాటకూడనిది 49 తేలింది. ఫ్యాక్టరీని మూయించారన్నది నిజమే. ‘తాత్కాలికంగా’ అనే క్రియావిశేషణాన్ని జతచేసి మూయించారన్నదీ నిజమే.

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడిన ఈ పట్నంలో వ్యతిరేక క్రియకున్న ఒక గుణాన్ని గుర్తుచేయడం సముచితం. పాత తెలుగులో దానికి కాలభేదం లేదు: ‘తిట్టము’ అంటే ఇంతకు ముందు తిట్టలేదు, ఇప్పుడు తిట్టడం లేదు, ఇకపై తిట్టబోము అని మూడు కాలాలూ ఒకే రూపంలో ఇమిడిపోతాయి. ఏ పార్టీ ఏలుబడిలో ఉన్నా పలకడానికి వీలుగా ఉండే ఈ సౌలభ్యం మరే క్రియకూ లేదు. అయితే కాలం లేని క్రియకు కూడా ముహూర్తం ఉంటుందని ఆ వారం తేలింది: గురువారం నాడు పథకానికి ప్రారంభోత్సవం, శనివారం నాడు పార్లమెంటు ఎన్నికల షెడ్యూలు, ఏప్రిల్ 19న తమిళనాట పోలింగు.

ఇంతవరకు వ్యాకరణం. ఇక తిరువొత్తియూరు సంగతి. త్యాగరాజస్వామి తన శిష్యుడైన వీణ కుప్పయ్యర్ పిలుపు మీద ఈ ఊరికి వచ్చి, ఇక్కడి త్రిపురసుందరి మీద ఐదు కీర్తనలు తెలుగులోనే చెప్పాడు. ఆయన భాషలో నిందాస్తుతి అని ఒక మార్గం ఉంది. అంటే దేవుణ్ణి తిడుతూ కొలవడం. చేయించిన నగల లెక్క ఒక్కొక్కటే అప్పజెప్పి రాముణ్ణే నిలదీసిన రామదాసుది ఈ భాష. దేవుణ్ణి లెక్క అడిగిన భాషలో ఒక ఎరువుల కంపెనీని, ఒక రిఫైనరీని, వాటిని కనిపెట్టి ఉండవలసిన కార్యాలయాలను లెక్క అడగడానికి మాట పెగలకపోతే అది మర్యాద అనిపించుకోదు, పిరికితనం అనిపించుకుంటుంది.

బస్టాండు వద్దనే మనిషి తిరువొత్తియూరులో లేడు. గ్రంథాలయమూ కావాలి, కుళాయిలో మంచినీళ్లూ కావాలి, కూలడానికి సిద్ధంగా ఉన్న పాత క్వార్టర్ల చోట కొత్త ఇళ్లూ కావాలి. అవి ఉత్తర చెన్నైకి దశాబ్దాలుగా బాకీపడి ఉన్నవే గనుక వాటిని దానంగా చూపించి దండలు వేయించుకోవడం తప్పు. అంతకన్నా పెద్ద తప్పు, బాకీలో కొంత తీర్చి, ఊపిరి విషయం ఎత్తవద్దని చెప్పకనే చెప్పడం. డిసెంబరు 26 రాత్రి కళ్లు మండి, గొంతు పట్టేసి, నిద్రలో ఉన్న పసిపిల్లలను భుజాన వేసుకుని చీకట్లో ఎటు పరుగెత్తాలో తెలియక పరుగెత్తినవారికి ఆ ఊళ్లో కావలసింది అలంకారం కాదు. చమురు పాలైన ఏటికి పరిహారంగా ప్రభుత్వం ప్రకటించినది 2,301 మత్స్యకార కుటుంబాలకు 12,500 రూపాయల చొప్పున, 787 పడవల మరమ్మతుకు 10,000 చొప్పున, మరో 6,700 కుటుంబాలకు 7,500 చొప్పున, వెరసి 8.68 కోట్లు. నాలుగు వేల కోట్లు పలికిన నోటితోనే ఈ అంకెను కూడా పలికి చూస్తే ఎవరి ప్రాణానికి ఎంత వెల కట్టారో తెలుస్తుంది. ఏటిని చంపిన చమురు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసి, గొట్టం ఎవరిదో తెలిసి, ఆ గేటు శాశ్వతంగా మూయమని అడగడానికి ఎన్నూరు జనం పనులు మానుకుని రోజుల తరబడి పందిరి కింద కూర్చోవలసి రావడం సిగ్గుచేటు. ఆ పందిరి దగ్గరికి రాని అభివృద్ధి టంకసాల దగ్గర ఎంత ఘనంగా మొదలైతే మాత్రం ఎవరికి?

పెరియకుప్పం ఆడవారు డిసెంబరు 27 నుంచి ఆ ధాతువును వ్యతిరేకార్థంలో వాడటం మానేశారు.