పరుగు ఆయనది, రొప్పు ఆవిడది

ఉద్యోగం, సంసారం, వంద కిలోమీటర్ల పరుగు... మూడింటినీ చక్కగా బ్యాలెన్స్ చేసుకోవచ్చట. ఎలాగో చెప్పడానికి గచ్చిబౌలిలో ఏ ఆఫీసుకెళ్లినా ఓ అల్ట్రా రన్నర్ సిద్ధంగా ఉంటాడు. అడక్కపోయినా చెబుతాడు. "అంతా టైమ్ మేనేజ్‌మెంటే బాస్. ఇంట్లోవాళ్లు లేచేసరికి నా రన్ అయిపోతుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు."

ఎందుకుంటుంది ఇబ్బంది? మూడున్నరకి మోగిన అలారానికి పక్కనున్న భార్య కూడా లేస్తే అది ఆవిడ నిద్ర చేసుకున్న పాపం. ఆదివారం దుర్గం చెరువు చుట్టూ నాలుగు గంటలు తిరిగొచ్చి, ఐసు నీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని, స్ట్రావా యాప్‌లో వచ్చిన లైకులు చూసుకుంటూ రెండు ప్లేట్ల ఉప్మా లాగించి, మధ్యాహ్నం రెండింటి దాకా పడుకుంటాడు. అది రికవరీ. ఆవిడ నడుం వాలిస్తే బద్ధకం. అంతసేపూ పిల్లలు టీవీ సౌండు తగ్గించుకోవాలి. చుట్టాల పెళ్లి రిసెప్షన్‌కి వెళ్లాలన్నా ముందు ట్రైనింగ్ చార్టు అనుమతించాలి.

లెక్క కట్టండి. వారానికి 80 కిలోమీటర్లు, కిలోమీటరుకి 7 నిమిషాలు వేసుకున్నా 9 గంటలు దాటుతుంది. స్ట్రెచింగు, ఫిజియో, బూట్ల మీద చర్చలు వేరే. ఆ గంటలేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. కూరగాయలు తేవడంలోంచి, పిల్లాడి లెక్కల హోంవర్కులోంచి, మామగారి బీపీ చెకప్పులోంచి తీసినవే. అవన్నీ ఆవిడ చేసేస్తోంది కాబట్టి లోటు కనిపించడం లేదు, అంతే.

ఇక కామ్రేడ్స్ అనే పరుగు పందెం. దక్షిణాఫ్రికాలో డర్బన్‌కీ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కీ మధ్య దాదాపు 90 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సైనికుల జ్ఞాపకార్థం 1921లో మొదలైంది. మన రన్నర్లకిప్పుడది కాశీయాత్ర. 12 గంటలు నిండగానే ఒకాయన రన్నర్లకి వీపు పెట్టి నిలబడి తుపాకి పేలుస్తాడు. క్షణం ఆలస్యమైనా పతకం లేదు. ఆ తుపాకికి గడగడలాడే మహానుభావుడే, కూతురి స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి అరగంట లేటుగా షార్ట్స్‌తో దిగి "ట్రాఫిక్ అండీ" అంటాడు.

1975 దాకా కామ్రేడ్స్‌లో ఆడవాళ్లకి అధికారికంగా చోటే లేదు. ఇప్పుడు మన ఊళ్లోనూ పరిగెడుతున్నారు. ఇడ్లీపిండి ఫ్రిజ్‌లో పెట్టి, చట్నీ రుబ్బి మరీ బయల్దేరతారు. బ్యాలెన్స్ మీద వాళ్లలో ఎవరూ ఉపన్యాసమివ్వగా నేను వినలేదు.

పరుగు మీద నాకు పగేం లేదు. 90 కిలోమీటర్లంటే మాటలా! నా సరదా కోసం పరిగెడుతున్నాను, ఇల్లు ఆవిడ మోస్తోంది అంటే దండం పెడతాను. ఆ మోతనే తన ఘనతగా లింక్డిన్‌లో పాఠాలు చెబితేనే ఒళ్లు మండుతుంది. ఫొటోలో పతకం ఆయన మెడలో. ఆవిడ భుజాన నిద్రపోయిన పిల్ల, చేతిలో బ్యాగు, ఖాళీ సీసాలు. కింద క్యాప్షన్: "నా కుటుంబమే నా బలం".

కామ్రేడ్స్‌కి అర్హత రావాలంటే ముందొక మారథాన్‌ని 4 గంటల 50 నిమిషాల్లోపు ముగించాలి. ఇంకొక్క అర్హత కూడా చేరిస్తే బాగుండు. నెల్లాళ్లపాటు రోజూ పొద్దున్నే కూతురికి జడలేసి, టిఫిన్ బాక్సులు సర్ది, ఏడుంబావుకల్లా పిల్లలిద్దర్నీ స్కూలు బస్సెక్కించాలి. ఇక్కడ తుపాకి అక్కర్లేదు, డ్రైవరు హారన్ చాలు.