కెంటకీ తుప్పు, కొత్తగూడెం మసి

మొత్తానికి మా మేనల్లుడి వ్యాగన్‌కు తుప్పు పట్టింది. ఆ తుప్పు పట్టడానికి మూడు వారాలు పట్టింది. ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, కొడుకు పుట్టినంత సంబరంగా చెప్పాడు. నేనూ శుభాకాంక్షలు చెప్పాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

కంప్యూటర్లలో అమెరికా పాత రైలు లైన్లను పట్టా పట్టా పేర్చే ఈ కొత్త తపస్సు గురించి నేను చెప్పక్కర్లేదు. మీ ఇంట్లోనూ ఒక ముని తలుపేసుకుని కూర్చునే ఉంటాడు. మావాడిది క్లించ్‌ఫీల్డ్. కెంటకీలోని ఎల్క్‌హార్న్ సిటీ నుంచి సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ దాకా 277 మైళ్ల బొగ్గు లైను, 55 సొరంగాలు. దాంట్లో ఒక ముక్కని 'ట్రెయిన్ సిమ్ వరల్డ్' అనే గేమ్‌లో ఇప్పటికే అమ్ముతున్నారు కదరా అంటే, "దాంట్లో గడ్డి రంగు తప్పు మామా" అన్నాడు. గడ్డి రంగు తప్పట. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి రెండింటిదాకా కూర్చుని, కెంటకీ గడ్డి దిద్దుతున్నాడు.

గడ్డి సరే, తుప్పు దగ్గరికి వద్దాం. తుప్పంటే ఏదో గోధుమరంగు పూసేయడం అనుకునేరు. ఎండ తగిలే చోట నారింజ, రివెట్ల కింద ముదురు, వాన కారిన చోట చారలు. 1950ల నాటి ఫొటోలు ముందేసుకుని, ఏ వ్యాగన్‌కు ఎడమ మూల ఎంత తినేసిందో కొలుస్తాడు. తోటి మునులు దాన్ని చూసి, తలుపు గొళ్లెం దగ్గర చాలలేదు, ఇంకాస్త పట్టించమంటారు. మళ్లీ వారం. మన ఇళ్లలో గేటుకు తుప్పు పడితే పెయింటర్‌ని పిలుస్తాం. వీళ్లు తుప్పు లేదని బెంగపడి మంచాన పడతారు.

ఈ మురికికి ధర కూడా ఉందండోయ్. కొత్త వ్యాగన్ల బొమ్మలు ఒక రేటు, మాసిన వ్యాగన్లవి ఇంకో రేటు. మాసినవే ఎక్కువ. మా అమ్మ వింటే కుప్పకూలేది. కొత్తగూడెంలో బొగ్గు జల్లెడపట్టే ప్లాంటుకు కూతవేటు దూరంలో మా క్వార్టర్. ఉతికిన బట్టలు దండెం మీద వేసేముందు ఆమె గాలి ఎటు వీస్తోందో చూసేది. ముక్కోటికి భద్రాచలం వెళ్లడానికి నాన్నకున్న ఒక్క తెల్లపంచె ఇంట్లోనే ఆరాలి, బయట ఆరితే అది పంచె కాదు, మసిగుడ్డ. నాన్న బొగ్గుబాయి నుంచి వచ్చి తుమ్మితే రుమాలు నల్లగా అయ్యేది. అంత మసి ఊరికే దొరికింది మాకు. దాన్ని బొమ్మగీసి అమ్ముకోవచ్చని తెలియక, ఆ పిచ్చితల్లి జీవితాంతం సబ్బు కొనింది.

"నూటికి నూరుపాళ్లు అసలుది మామా" అంటాడు మావాడు. మొన్న దసరాకు వచ్చినప్పుడు చూపించాడు. చూశాను. కొండలు బాగున్నాయి, పొగమంచు బాగుంది. ఎల్క్‌హార్న్ సిటీలో మొదలుపెట్టి అరగంట నడిపాడు. స్టేషన్లు, ఇళ్లు, బొగ్గు సైడింగులు దాటాం. ఎక్కడా పురుగైనా లేదు. మనుషులేరిరా అన్నాను.

"మనుషుల్ని పెడితే ఫ్రేములు పడిపోతాయి మామా. గేమ్ స్లో అయిపోద్ది."

నాకు నవ్వు ఆగిపోయింది అక్కడే. రివెట్ కింది తుప్పు మొయ్యగలిగిన కంప్యూటర్ మనిషిని మొయ్యలేదా? ఆ 55 సొరంగాలు వాటంతటవే తొలుచుకున్నాయా? వలస కూలీలు, నల్లవాళ్లు ఆ కొండలు తవ్వితే 1915 నాటికి లైను పూర్తయింది. 1943 నుంచి ఆ లైను మీద దాదాపు ప్రతి ఏడాదీ సాంటా బండి నడుస్తుంది, బొగ్గు ఊళ్ల పిల్లలకు కానుకలు పంచుతూ. మావాడి గేమ్‌లో ఆ బండి ఉంది, ఎర్రటి దీపాలతో సహా. కింద అందుకునే పిల్లలు మాత్రం లేరు. టెనసీలోని ఎర్విన్‌లో ఆ లైనుకు గుండెకాయలాంటి యార్డుండేది. 2015లో మూసేస్తే సుమారు మూడొందల మంది రోడ్డున పడ్డారు. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుపాను వరదకు నోలిచకీ లోయలో అసలు పట్టాలే కొట్టుకుపోయాయి. ఆ వారం మావాడి బండి నిమిషం ఆలస్యం లేకుండా నడిచింది.

ఒరేయ్, మనిషిని తీసేసి తుప్పు మిగుల్చుకుంటే దాన్ని చరిత్ర అనరు. తుక్కు కొట్టంటారు.

పైగా ఎవడురా నువ్వు? ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడు, 1886లో కంపెనీ పెట్టారు, 1889లో తవ్వకం మొదలైంది. ఆ బొగ్గు కోసమే ఈ అడవిలోకి పట్టాలొచ్చాయి. ఆ బొగ్గు తవ్విన చేతులే నీకు అన్నం పెట్టాయి. క్లించ్‌ఫీల్డ్‌లో ఏ మైలు దగ్గర ఎంత ఎత్తు ఎక్కాలో నిద్రలో లేపినా చెప్తావు. కారేపల్లి నుంచి ఇల్లందుకు ఎన్ని వంతెనలో చెప్పు. నీ కంప్యూటర్‌లో కెంటకీ వ్యాగన్ల ఫొటోలు వేలున్నాయి. మీ తాత బాయి డ్రెస్సులో ఉన్న ఫొటో ఒక్కటుందా?

వాణ్ని మాత్రమే అనడం అన్యాయం, నిజమే. భద్రాచలం రోడ్ అని బోర్డు చూసి దిగిన భక్తుడికి, రాముడు ఇంకా నలభై కిలోమీటర్ల అవతల ఉన్నాడని చెప్పే ఊరు మాది. సత్తుపల్లికి సుమారు 54 కిలోమీటర్ల లైను వేశారు, బొగ్గు సుఖంగా పోతోంది. కరోనాకు ఆగిన ప్యాసింజర్ బండ్లు తిరిగొచ్చేటప్పుడు ఎక్స్‌ప్రెస్ చార్జీ నెత్తిన పెట్టుకొచ్చి 2024 దాకా దించలేదు. ఆ ఏడాదే ఆగస్టులో మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి 173 కిలోమీటర్ల పైచిలుకు లైనుకు కేంద్ర కేబినెట్ సరేనంది, అందులో ఎక్కేది మనుషులో బొగ్గో చూడాలి. ఫ్రేములు పడిపోతాయని మనుషుల్ని దించేసే అలవాటు గేములు తయారుచేసేవాళ్లకే ఉందనుకోను.

నిన్న మళ్లీ ఫోన్. ఈసారి గొంతు మెత్తగా ఉంది.

"మామా, ఒక సాయం. వ్యాగన్‌లో బొగ్గు పడే సౌండ్ సరిగ్గా దొరకట్లేదు. సైడింగ్ దగ్గరికెళ్లి ఫోన్‌లో రికార్డ్ చేసి పంపవా? మధ్యలో మనుషుల మాటలు రాకుండా చూడు."

వెళ్లాను. పది నిమిషాలు రికార్డ్ చేశాను. బొగ్గు పడుతూనే ఉంది. నా పక్కనే ఇద్దరు కాంట్రాక్టు పనివాళ్లు టీ డబ్బులు ఎవరివ్వాలని అమ్మా ఆలీ తిట్టుకుంటున్నారు. ఒక్క మాట కొయ్యకుండా పంపాను.