బొంగులో అడవి

మారేడుమిల్లి రోడ్డు మీద ఆగే ప్రతి కారులోంచీ ఒకే కోరిక దిగుతుంది: అసలు సిసలు అడవి తిండి తినాలి! ఆ తిండి రోడ్డు పక్కనే సిద్ధంగా ఉంటుంది. ఫారంలో పెరిగి బండెక్కి వచ్చిన బ్రాయిలర్ కోడి, బజారు కారం, ప్యాకెట్ మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద. అన్నీ కలిపి పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు దోపి, నిప్పుల మీద తిప్పుతారు. బొంగు నల్లబడి, మూతి దగ్గర ఆవిరి బుసకొడుతుంది. చీల్చి ఆకులో కుమ్మరించగానే ముందు సెల్‌ఫోన్లకు నైవేద్యం, తర్వాతే మనుషులకు.

చుక్క నూనె లేదు కనుక ఆరోగ్యమట, ఆదివాసీల వంట కనుక పవిత్రమట. మధ్యాహ్నం ఇలా పునీతులైన వాళ్లే సాయంత్రం రిసార్టులో గోబీ మంచూరియా ఆర్డరిస్తారు.

బొంగు చికెన్ చేసిన పాపమేమీ లేదు. రుచిగానే ఉంటుంది, అమ్మేవాళ్లకు నాలుగు డబ్బులొస్తాయి. చిక్కల్లా దాన్ని అడవి వంటకు ప్రతినిధిగా ఊరేగించడంలోనే ఉంది. ఆ వంటలో అడవి వాటా గిన్నె ఒక్కటే. తినే సరుకంతా మైదానం నుంచి కొండెక్కుతుంది, తిన్నాక పారేసేది మాత్రం కొండది.

అడవి నిజంగా పెట్టే తిండి వేరు. వానలు పడ్డాక వెదురు కొమ్ములు మొలుస్తాయి. వాటిలో సైనైడ్‌ను పుట్టించే పదార్థం ఉంటుంది కాబట్టి సన్నగా తరిగి, ఉడికించి, ఆ నీళ్లు వార్చేశాకే కూర వండుతారు. అడవి దుంపల్లో కొన్ని కటిక చేదు. వాటిని పలచటి బిళ్లలుగా కోసి, బుట్టలో వేసి, పారే వాగులో నానబెట్టి చేదు విరుస్తారు. మామిడి టెంకలోని జీడికి వగరు పోగొట్టి అంబలి కాయడం, జీలుగు మాను గుజ్జు నుంచి పిండి తీయడం కొండరెడ్ల విద్యలు. నల్లమలలో చెంచులు తీగను చూసి కింది దుంప సంగతి చెబుతారు. ఇంత చదువుకు టూరు ప్యాకేజీలో చోటెక్కడిది? కాసేపు థింసా నాట్యం, ఫొటో కోసం చేతికో విల్లు, అక్కడితో సంస్కృతి సంపూర్ణం.

పైగా అదే టెంక అంబలి గుడిసెలో తాగితే వెనుకబాటుతనం. రేపు ఏ రిసార్టో దాన్ని రాగి గ్లాసులో పోసి ఫారెస్ట్ సూప్ అంటే సూపర్ ఫుడ్!

చరిత్ర కూడా తక్కువ చమత్కారమైంది కాదు. కల్లు మీద తెల్లదొరల ఆంక్షలూ పన్నూ 1879లో ఈ కొండల్లోనే లేచిన రంప పితూరీకి ముఖ్య కారణాల్లో ఒకటి. ఇప్పుడా కొండలకే వారాంతపు బైకు వీరులు జీలుగు కల్లు వెతుక్కుంటూ దండెత్తుతున్నారు. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిలో ఏరుకు తినే హక్కుకు సంకెళ్లు వేసింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురు, తేనె, మూలికలు, దుంపల మీద హక్కును అడవిబిడ్డలకే రాసిచ్చింది. అయినా చేతిలోని బొంగు ఎవరి పొదలోంచి, ఎవరిని అడిగి నరికారని ఏ పర్యాటకుడూ ఆరా తీయడు. మిరియాల పొడి ఉందా అని మాత్రం అడుగుతాడు.

ఇంతకీ అలా ఏరుకు తినే ఆకుకూర కోసం అడవి దాకా పోవాలా? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు ఏళ్లుగా ఒకే సంగతి చెబుతున్నారు: చేలో విత్తకుండా మొలిచే గునుగు, దొగ్గలి, తుమ్మి, గంగవాయిలి తిండే, కలుపు కాదు. వినేదెవరు? వాటి మీద గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టడం ఆధునిక సేద్యం, కారేసుకుని కొండకెళ్లి అడవి రుచులు వెతకడం పర్యావరణ ప్రేమ. గ్లైఫోసేట్ వాడకం మీద 2022లో కేంద్రం ఆంక్షలు పెట్టింది. అయినా గునుగు పూలు బతుకమ్మకు కరువయ్యాయని నిట్టూర్చే ఇంట్లోనే ఆ మందు డబ్బా మూలన కూర్చుంటుంది.

కనుక ఈసారి మన్యం వెళ్లే మహానుభావులకు ఒక మనవి. వానాకాలంలో వెళ్లండి. కొమ్ముల కూర ఏ ఇంట వండుతారో కనుక్కోండి. బొంగు చికెన్‌కు ఇచ్చే ధరే దానికీ ఇవ్వండి, బేరమాడకండి. ఆకు కోయడం, దుంప తవ్వడం మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి.