రోమ్ నుంచి వచ్చిన ఫౌంటెన్

మా కాలనీ ప్రెసిడెంటుగారు రోమ్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఢిల్లీ వసంత్ కుంజ్‌లో మాకు వేరే మాట లేకుండా పోయింది. కొలోసియం ఆయనకు పెద్దగా ఆనలేదు. మనసంతా ట్రేవీ ఫౌంటెన్ దగ్గరే చిక్కుకుపోయింది. ఇరుకు కూడలిలో ఎనభై అడుగులు దాటిన రాతి కట్టడం, నడుమ సముద్రదేవుడు, రథానికి గుర్రాలు, కింద నీలంగా నీళ్లు. నికోలా సాల్వి అనే ఆయన 1732లో మొదలుపెట్టి, పూర్తికాకుండానే కన్నుమూశాడు. అది 1762కి గానీ తెమల్లేదు. నీళ్ల కథ ఇంకా పాతది. క్రీస్తుపూర్వం 19లో అగ్రిప్ప కట్టించిన కాలువ నీళ్లు అవి.

"వెనక్కి తిరిగి, కుడిచేత్తో ఎడం భుజం మీదుగా నాణెం వెయ్యాలండీ. వేస్తే మళ్లీ రోమ్ వస్తామని నమ్మకం. ఆ చిల్లరంతా ఎత్తి కారితాస్ అనే ధర్మసంస్థకిస్తారు, పేదల కోసం. అదే మనవాళ్లయితేనా, రాత్రికి రాత్రే ఊడ్చేసేవాళ్లు!" అనేవారు. 'మనవాళ్లు' అన్నప్పుడు ఆయన తనను కలుపుకోరు.

వినీ వినీ ఓ ఆదివారం ఆయన్ని మెహ్రౌలీ తీసుకెళ్లాను. మా కాలనీకి కూతవేటు దూరమే. సుల్తాను ఇల్‌టుట్‌మిష్ 1230 ప్రాంతంలో తవ్వించిన హౌజ్-ఎ-షమ్సీ చెరువు అక్కడుంది. అది నిండి పొర్లిన నీటిని పల్లానికి మళ్లించి, 1700 ప్రాంతంలో నవాబు గాజీయుద్దీన్ ఫిరోజ్ జంగ్ ఒక జలపాతపు తోట కట్టించాడని చెబుతారు. పేరు ఝర్నా. ఈ ఫిరోజ్ జంగ్ మరెవరో కాదు, మన హైదరాబాద్ మొదటి నిజాం తండ్రి. నీటితెర వెనక గోడలో చిన్న చిన్న గూళ్లు ఉంటాయి. చీకటి పడ్డాక వాటిలో దీపాలు పెడితే, జారే నీళ్లలోంచి వెలుగు కనిపించేదట. పంపు లేదు, కరెంటు లేదు, అంతా వాలు మహిమ. తర్వాతి రోజుల్లో మొఘల్ చక్రవర్తి రెండో అక్బర్ షా ఇక్కడో మండపం వేయించాడు. పూల జాతర, అదే ఫూల్‌వాలోఁ కీ సైర్, ఈ చుట్టుపక్కలే జరిగేది.

ప్రెసిడెంటుగారు ఎండిన కాలువలోకి, అందులోని చిప్స్ పొట్లాల్లోకి తొంగిచూశారు. గూళ్లలో మసి తప్ప ఏమీ లేదు. చుట్టూ ఇళ్లు మీదపడుతున్నాయి.

"ఇందులో నాణెం వేస్తే ఠంగుమంటుందండీ" అన్నారు. దారిలోనే నిర్ణయించేశారు. "పాతదాన్ని బాగుచేయించడం మన చేతుల్లో లేదు. కొత్తది మనమే కట్టుకుందాం."

జనరల్ బాడీలో ఇంటింటికీ చందా ఖాయమైంది. రెండో అంతస్తు ఆవిడొకరు లేచి, "నీళ్లు?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఆరావళి రాతి గుట్ట మీద ఊరు మాది. బోరు వేసినా పాతాళమే. వేసవిలో ట్యాంకరు హారన్ విని నిద్ర లేచేవాళ్లం.

"తిరిగే నీళ్లేనమ్మా! ఒక్కసారి నింపితే పంపు వాటినే పైకీ కిందికీ తిప్పుతుంది" అని ఆయన ఆవిణ్ణి కూర్చోబెట్టారు.

మే నెల మధ్యలో ప్రారంభోత్సవం. నడుమ సిమెంటు గుర్రం, దాని నోట్లో పైపు. ఆ సాయంత్రం ట్యాంకరు వచ్చింది. ఎప్పటిలాగే బకెట్లూ డబ్బాలూ వరుసకట్టాయి. ట్యాంకరు వాటిని దాటుకుని పార్కులోకి వెళ్లి, ఫౌంటెన్ తొట్టి నింపి, మిగిలింది మాకు పోసింది. మాకు తలా సగం బకెట్ వచ్చింది. కమిటీవాళ్లంతా వెనక్కి తిరిగి ఎడం భుజాల మీదుగా రూపాయి బిళ్లలు విసిరారు. గుర్రం నోట్లోంచి నీళ్లు ఎగిరాయి. ఫొటోలు దిగాం. లడ్డూలు బాగానే ఉన్నాయి.

తెల్లారేసరికి తొట్టి బోసిపోయింది. అడుగున నాచు పట్టడానిక్కూడా తడి మిగల్లేదు. విసిరిన రూపాయి బిళ్లలు మాత్రం ఒక్కటీ పోలేదు, అన్నీ ఎండలో మెరుస్తున్నాయి.

ప్రెసిడెంటుగారు తలారా స్నానం చేసి, విభూతి రేఖలు పెట్టుకుని, ఇస్త్రీ లాల్చీలో దిగారు. తొట్టి చూసి ఆయన ముఖం కందగడ్డయింది.

"చెప్పానా? మనవాళ్ల బుద్ధే ఇంత! కాలనీ ఆస్తి, చందాల సొమ్ము! ఎవడు దొంగిలించాడో కనిపెట్టి జరిమానా వేస్తాను. నోటీసు బోర్డులో పేరు రాయిస్తాను." రాత్రి డ్యూటీ గార్డును పిలిపించారు. "నువ్వు నిద్రపోయావా?"

"లేదు సార్, మెలకువగానే ఉన్నాను. టార్చి పట్టింది నేనే."

"ఎవరెవరు తోడుకెళ్లారో చెప్పు. మొదట ఎవరొచ్చారు?"

గార్డు చేతులు కట్టుకుని నేలచూపులు చూశాడు.

"మొదటి రెండు బకెట్లూ మీ ఇంటికే సార్. మేడమ్‌గారే వచ్చి పట్టించుకున్నారు. ఇందాక మీరు స్నానం చేసింది ఆ నీళ్లతోనే."