గొట్టం పెద్దదైతే పిట్ట చిక్కినట్టే

పక్షుల ఫొటోలు తీయాలని సరదా పుట్టినవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది పక్షుల గురించి కాదు, ఈఎంఐల గురించి. 150-600 ఎం.ఎం. జూమ్ ఒకటి వాయిదాల మీద కొనేయండి. బరువు రెండు కిలోల దాకా ఉంటుంది గనక మెడలో వేసుకుని ఏ పెళ్లికి వెళ్లినా జనం దారిస్తారు. అదీ చాలదనిపిస్తే వెనకాల 2ఎక్స్ టెలీకన్వర్టర్ బిగించండి. లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, ఫోకస్ గుడ్డిగా తడుముకుంటుంది. పోనివ్వండి, 1200 అని చెప్పుకోవడానికి ఎంత బాగుంటుంది!

తెల్లవారుజామునే లేవమని అనుభవజ్ఞులు చెబుతారు. వాళ్లకి నిద్రపట్టని జబ్బు. మీరు సుఖంగా లేచి, సూళ్లూరుపేటలో దోసెలు తిని, పదకొండున్నరకి పులికాట్ చేరుకోండి. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది కాబట్టి నడిచే పనీ లేదు. దూరంగా ఫ్లెమింగోల బారు కనిపిస్తుంది. గొట్టం ఎక్కుపెట్టండి. కాళ్లు వంకర్లు పోతుంటాయి, మెడలు కరిగి నీళ్లలో కలిసిపోతుంటాయి. కాగిన నేల మీంచి వేడిగాలి లేస్తోంది కదా, ఆ పని దానిది. మీకూ పిట్టకూ మధ్య ఎంత దూరం ఉంటే అంత గాలి ఫొటోలోకి వస్తుంది. ఎన్ని లక్షలు పోసిన అద్దమైనా దాన్ని దాటలేదు. మీరు మాత్రం తిరిగొచ్చి, లెన్సులోనే లోపం ఉందని కొన్న షాపువాడితో గొడవ పెట్టుకోండి.

ఐఎస్ఓ 100 దాటనివ్వకండి. ఫొటోలో గరుకు కనిపిస్తే పరువేం కాను? పొద్దుటి నీడలో షట్టర్ స్పీడు 1/60కి పడిపోతే పడిపోనీండి, లెన్సులో స్టెబిలైజేషన్ ఉందిగా. అది మీ చేతి వణుకును ఆపుతుంది, పిట్ట రెక్కను ఆపడం దాని వల్ల కాదు. చెరువు మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, రాయిలా నీళ్లలోకి పడే నలుపు తెలుపు లకుముకి పిట్టకి 1/2000 పైనే కావాలి. అంత పెడితే ఐఎస్ఓ పెంచాలి, పెంచితే గరుకు వస్తుంది. అందుకని నున్నటి మసకే మేలు. కింద ‘కదలికలోని కవిత్వం’ అని రాసుకోవచ్చు.

ఫోకస్ కంటి మీదే పెట్టాలన్నది ఇంకో చాదస్తం. 600 దగ్గర ఎఫ్/6.3తో, ఐదు మీటర్ల దూరంలో ఉన్న తేనెపిట్టను తీస్తే పదునుగా వచ్చేది రెండున్నర సెంటీమీటర్ల మందం మాత్రమే. తోకకి పెట్టారా, ముఖం పోయినట్టే. ఈ మధ్య కెమెరాలు పిట్ట కంటిని వాటంతటవే వెతికి పట్టుకుంటున్నాయి. ఆ ఆప్షను మెనూలో ఎక్కడో ఉంటుంది, వెతక్కండి. ఫోకస్ ముందున్న కొమ్మ మీద పడితే తుమ్మముళ్లయినా అద్భుతంగా వస్తాయి. నేల మీద వాలినవాటిని నిటారుగా నిలబడే తీయండి. వాటి కంటి ఎత్తుకు దిగాలని బురదలో బోర్లా పడుకునేవాళ్లు ఇంట్లో బట్టలుతికే రకం కాదని నా అనుమానం.

కారులోనే కూర్చుని కిటికీలోంచి తీస్తే పిట్టలు అంతగా బెదరవు. అందుకే తప్పకుండా దిగండి, తలుపు ధడేలున వేయండి. కరెంటు తీగ మీది పాలపిట్ట గభాలున లేచి ఆ నీలి రెక్కలు విప్పుతుంది. ఫొటో అంటూ ఉంటే అదే. మీ చెయ్యి అప్పటికి ఇంకా తలుపు మీదే ఉంటుంది. విచారించకండి, దసరా నాడు పంజరంలో పాలపిట్టను పెట్టుకుని వీధుల్లో తిప్పేవాడు దొరుకుతాడు. ఎగరకుండా కాళ్లు కట్టి, రెక్కలకు జిగురు పూసి మరీ తెస్తారు, కదలకుండా ఫోజిస్తుంది. తెలంగాణ రాష్ట్ర పక్షిని మూడడుగుల దూరంలో తీసిన ఘనత మీదే.

గుంపుగా ఎగిరే ఫొటో కావాలంటే రాయి విసరండి. హిమాలయాలు దాటి కొల్లేరుకి వచ్చిన సూదితోక బాతులు తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకునే పనిలో ఉంటాయి. కాస్త వ్యాయామం చేయించిన పుణ్యం మీకు దక్కుతుంది. తేలినీలాపురంలో అయితే కొంచెం జాగ్రత్త. అక్కడ చింతచెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతులను ఊరివాళ్లు పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. ‘అరవకండి బాబూ’ అని ఎవరైనా పెద్దాయన అంటే, మీ లెన్సు ఖరీదు చెప్పండి.

ఇక అసలు విద్య గూడు దగ్గర. అక్కడైతే పిట్ట ఎంత బెదిరినా మళ్లీ వచ్చి తీరుతుంది, గొట్టం లేనివాడు కూడా తీయగలడు. వేసవిలో ఎండిన చెరువు నేల మీద తీతువు నాలుగు గుడ్లు పెడుతుంది. గులకరాళ్ల మధ్య గులకరాళ్లలాగే ఉంటాయి, వెతుకుతూ తొక్కేసినా తెలియదు. దొరగ్గానే పక్కనే కుర్చీ వేసుకోండి. తల్లీతండ్రీ నెత్తి మీద తిరుగుతూ గోల చేస్తాయి, స్వాగతం అనుకోండి. ఆ పక్షులు మిట్టమధ్యాహ్నం గుడ్లకు నీడగా నిలబడతాయి, పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. మీరు ఓ అరగంట కూర్చుంటే ఆ పని ఎండకు అప్పగించినట్టే. కొమ్మల్లో గూడైతే అడ్డొచ్చే ఆకులన్నీ విరిచేయండి. మీకు గూడు బాగా కనిపిస్తుంది, కాకికి ఇంకా బాగా కనిపిస్తుంది. పిట్ట రాకపోతే ఫోన్లో దాని కూత పెట్టండి. వేరే మగది తన చోటు ఆక్రమించడానికి వచ్చిందనుకుని మేత మానేసి మరీ తగువుకొస్తుంది. రానన్నాళ్లూ పెడుతూనే ఉండండి.

ఫొటో పెట్టేటప్పుడు లొకేషన్ మరిచిపోవద్దు. పోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల చిట్టడవుల్లో మళ్లీ కనిపించింది. రాత్రిపూట తిరిగే పక్షి, మనుషుల కంట పడటమే అపురూపం. మీకు గనక కనిపిస్తే ఫ్లాష్ కొట్టి, మ్యాప్‌తో సహా పెట్టేయండి. మర్నాటికల్లా ఆ పొదల్లో ఫ్లాష్‌ల పండగే.

ఈ చిట్కాలతో ఒక్క చిన్న ఇబ్బంది ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదపడం కూడా వేట కిందికే వస్తుంది. చేతిలో తుపాకీ ఉందా, కెమెరా ఉందా అని చట్టం చూడదు.