ఆ కన్నీళ్లకు ఓ లెక్కుండేది

మేం ‘ప్రేమాభిషేకం’ చూసి వెక్కివెక్కి ఏడ్చిన తరం వాళ్లం. తెరమీద జబ్బుపడ్డ ప్రేమ మాకు కొత్త కాదు. అందుకే జపాన్ వాళ్ల కన్నీటి ప్రేమకథలు ఎప్పుడు దొరికినా వదలకుండా చూశాం. కానీ ఇప్పుడు వస్తున్నవాటిని చూస్తే ఒళ్లు మండిపోతోంది.

మా రోజుల్లో అమ్మాయికి జబ్బు చేసిందంటే అది ఎలా మొదలైందో, ఇంటిల్లిపాదినీ ఏం చేసిందో చూపించేవారు. ఇప్పుడు ట్రైలర్‌లోనే డాక్టరు గడువు చెప్పేస్తాడు. సముద్రం ఒడ్డు, బాణసంచా, ఆసుపత్రి మేడ, ఓ పాట. రెండు గంటల్లో ఏడిపించి పంపేస్తారు.

2005లో ఫుజీ టీవీలో వచ్చిన ‘ఒక లీటరు కన్నీళ్లు’ చూడండి. వారానికొకటి చొప్పున 11 భాగాలు. మొదట్లోనే కథానాయిక ఆయా కిందపడి గడ్డం పగలగొట్టుకుంటుంది. పడేటప్పుడు ఎవరైనా చేతులు అడ్డం పెట్టుకుంటారు, ఈ పిల్ల ఎందుకు పెట్టుకోలేదు? అనుమానం అక్కడ మొదలవుతుంది. తర్వాత నడక తడబడుతుంది, చక్రాల కుర్చీ వస్తుంది, మాట పోతుంది. చివరికి అక్షరాల పలక మీద ఒక్కో అక్షరం చూపిస్తూ మాట్లాడుతుంది. తోఫు కొట్టు నడిపే నాన్న, కంటికి రెప్పలా కాచుకునే అమ్మ, చెల్లెలు, ప్రతివాళ్లూ ఆ జబ్బుతోపాటే మారతారు.

ఇదంతా ఊరికే అల్లింది కాదు. ఐచీ ప్రాంతంలోని తోయోహాషికి చెందిన కితో ఆయాకి 15 ఏళ్ల వయసులో స్పైనోసెరెబెల్లర్ డీజనరేషన్ అని తేలింది. ఆమె డైరీ 1986లో పుస్తకమైంది. 1988లో, 25 ఏళ్లకే పోయింది. సీరియల్లోని ప్రేమికుడు కల్పితమే. అయినా భాగం ముగిశాక నిజమైన ఆయా ఫొటోలు వేసేవారు. ఎవరి బాధతో కథ చెబుతున్నారో మరిచిపోలేదన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే, ముఖానికి క్యాన్సర్ సోకిన ఓషిమా మిచికో, ఆమె ప్రేమికుడు కోనో మకోతో రాసుకున్న ఉత్తరాలు 1963లో పుస్తకంగా వచ్చాయి. మరుసటి ఏడే యోషినాగా సయూరితో సినిమా తీశారు. 2004లో ‘సెకాచూ’ సీరియల్లో ల్యుకేమియాతో పోయిన అమ్మాయిని ఆమె ప్రేమించిన కుర్రాడు పదిహేడేళ్లు మనసులో మోస్తాడు. పోయినవాళ్లతో కథ అయిపోదని అది నేర్పింది.

మరి 2017 నాటి సినిమా ‘నీ క్లోమం తినాలనుంది’? కథానాయిక క్లోమానికి ఏదో జబ్బంటారు, ఏ జబ్బో చెప్పరు. చివరికి ఆ పిల్ల చనిపోయేది ఆ జబ్బుతో కూడా కాదు! మొహం వాడదు, జుట్టు చెదరదు. మూగనోము పట్టిన కుర్రాడికి బతకడం నేర్పడానికే పుట్టినట్టుంటుంది. మంచం పట్టిన మనిషిని చూసుకున్నవాళ్లెవరూ దీన్ని ఒప్పుకోరు.

ఇప్పుడు కూడా మంచివి లేకపోలేదు. 2022లో వచ్చిన ‘పదేళ్ల ఆయుష్షు’ సినిమాకి మూలమైన నవల రాసిన కొసాకా రుకా తానే ఊపిరితిత్తుల రక్తనాళాల జబ్బుతో పోరాడి, సినిమా చూడకుండానే 2017లో కన్నుమూసింది. రుతువులు మారుతుంటే ఏడాది పొడుగునా షూటింగ్ చేశారు. ఆ ఓపిక తెరమీద కనిపిస్తుంది.

సినిమా తీసేవాళ్లకి నేను చెప్పేదొక్కటే. జబ్బు కథ ఎత్తుకుంటే దాన్ని అనుభవించినవాళ్ల దగ్గర కూర్చుని, విని, ఆ తర్వాతే కెమెరా తీయండి. చూసేవాళ్లు కూడా ‘ఒక లీటరు కన్నీళ్లు’ వేగం పెంచి ఒక్క రాత్రిలో లాగించెయ్యకండి. రోజుకో భాగం చూడండి, చాలు.