ద్వితీయ ఎంబీబీఎస్ ప్రవేశ పద్యం: టీకా తాత్పర్యం

మూలం

ఆ.వె. పాతు ఫార్మ మైక్రొ పాఠముల్ మూడొచ్చె
రాసి చదువు చదివి రాయు మరల
వేళకెళ్ళు వార్డు వేలాడు స్టెత్తుతో
ఖాళి కడుపుతోడ కళ్లు తిరుగు

అవతారిక: ఎనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలను సప్లీ లేకుండా గట్టెక్కిన జూనియర్‌కు సెలవుల్లో ఒక దుర్బుద్ధి పుడుతుంది, రెండో ఏటి చదువంతా ఇప్పుడే చదివేద్దామని. అది చూసి జాలిపడిన సీనియర్ చెప్పిన పద్యమిది. హాస్టల్ గోడ మీద రాసే కవులు సంతకం చేయరు.

ప్రతిపదార్థం: పాతు = రోగం వల్ల ఏ అవయవం ఎలా చెడిందో చెప్పే పాథాలజీయును; ఫార్మ = చెడినదాన్ని బాగుచేసే మందుల సంగతైన ఫార్మకాలజీయును; మైక్రొ = కంటికి కనబడని క్రిముల గుట్టు విప్పే మైక్రోబయాలజీయును; మూడు పాఠముల్ = (అను) మూడు సబ్జెక్టులును; ఒచ్చె = పిలవకనే వచ్చినవి; రాసి చదువు = ముందు రాసుకొని చదువుము; చదివి రాయు = చదివినదాన్ని చూడక రాయుము; మరల = పలుమార్లు (ఇంటర్నల్స్ ముందురోజు రాత్రి మాత్రమే కాదని ధ్వని); వేళకు = హాజరు వేయకముందే; వేలాడు స్టెత్తుతో = మెడలో వేలాడునట్టి స్టెతస్కోపుతో; వార్డు = వార్డుకు; ఎళ్ళు = పొమ్ము; ఖాళి కడుపుతోడ = టిఫిను తినని పొట్టతో (పోతివేని); కళ్లు తిరుగు = పడిపోదువు.

తాత్పర్యం: రాసుకుని చదువు. టైముకి వార్డుకెళ్ళు. తిని వెళ్ళు.

విశేషాలు: మొదటి పాదంలో 'పాఠముల్' అన్నచోట కొందరు 'పుస్తకముల్' అని చదివి, సెలవుల్లోనే రాబిన్స్, త్రిపాఠి, అనంతనారాయణ్ మూడూ కొని అట్టలు వేయాలని అర్థం చెబుతారు. అలా చదివితే గణమూ చెడుతుంది, యతీ చెడుతుంది, నాన్నగారి నెల బడ్జెట్టూ చెడుతుంది. 1957లో తొలిసారి అచ్చయిన రాబిన్స్ ఎక్కడికీ పారిపోదు. క్లాసులు మొదలయ్యాక కొనుక్కోవచ్చు. సెలవుల్లో తిరగేయదలిస్తే పాత ఫిజియాలజీలో గుండె, మూత్రపిండం అధ్యాయాలు చాలు. అవి మరిచినవాడికి ఫార్మా కొరుకుడు పడదు.

ఫార్మాలో అంత్యప్రాస ప్రధానం. అటెనొలోల్, మెటొప్రొలోల్, ప్రొప్రనొలోల్ బీటా బ్లాకర్లు. ఎనాలప్రిల్, రామిప్రిల్ బీపీ తగ్గిస్తాయి గానీ, ఒంట్లో బ్రాడికైనిన్ పేరుకునేట్టు చేసి కొందరికి పొడిదగ్గు తెప్పిస్తాయి. లోసార్టాన్, టెల్మిసార్టాన్‌లతో ఆ బెడద తక్కువ. చివరి ప్రాసే మందుకు ఇంటిపేరు. మెథోట్రెక్సేట్‌కు ఈ ప్రాస లేదు, అయినా అక్కడ ఆగాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనలను నడిపిన కాలపు మందు అది. బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ కూడా అక్కడిదే. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆయనకు దక్కింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్. ఇంటర్నల్ మార్కులు చూసి కుంగిపోయేవాళ్ళు ఈ పేజీ మడతపెట్టుకోవచ్చు.

'రాసి చదువు' అన్నది మైక్రోకు చాలదని నా అభిప్రాయం. 1884లో గ్రామ్ అనే డెన్మార్క్ వైద్యుడు చెప్పిన రంగుల పద్ధతిలో క్రిస్టల్ వయొలెట్, అయొడిన్, ఎసిటోన్, సాఫ్రనిన్ వరసగా పోయాలి. ఎసిటోన్ కాస్త ఎక్కువసేపు ఉంచితే ఊదాగా కనబడాల్సిన స్టెఫైలోకాకస్ గులాబీగా మారి, వైవాలో పరువు తీస్తుంది. చెయ్యి తిరగాల్సిందే. మెస్‌లో పెరుగన్నం కలుపుకునే వేళ్ళకు ఊదారంగు అంటి ఉంటే, ఆ విద్యార్థి ప్రాక్టికల్ ఎగ్గొట్టలేదని అర్థం.

'వేలాడు స్టెత్తు' అనడంలో విశేషణం సాభిప్రాయం, కనుక పరికరాలంకారం. స్టెత్ ఎలాగూ పరికరమే. తొలి నెలల్లో అది వేలాడడానికే తప్ప వినడానికి కాదని కవి హృదయం. 1816లో లేనెక్ కాగితం గొట్టంగా చుట్టి ఆనించినప్పుడు ఆయనకు రోగి గుండె వినబడింది. మనకు మొదట వినబడేది చొక్కా రాపిడి. వార్డులో ముందు వినాల్సింది మనిషి మాట. కేస్ షీట్‌లో చీఫ్ కంప్లయింట్ రోగి మాటల్లోనే రాయమంటారు. 'గుండెల్లో మంట' అంటే పులితేన్పుల మంటా కావచ్చు, గుండెపోటూ కావచ్చు. సలుపు వేరు, పోటు వేరు, తిమ్మిరి వేరు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు ఇక్కడే తడబడతారు. రెండో ఏటికి అసలైన తయారీ ఇదేనని ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం. సెలవుల్లో నాయనమ్మ పక్కన కూర్చుని ఆవిడ మోకాలి నొప్పి ఎప్పుడు మొదలైంది, మెట్లెక్కితే ఎక్కువవుతుందా, దేనికి తగ్గుతుంది అని అడిగి రాసుకోండి. మధ్యలో ఆవిడ పెద్దమ్మాయి పెళ్ళి దగ్గరికి వెళ్ళిపోతారు. వార్డులోనూ అంతే, ఓపికపట్టి మళ్ళీ మోకాలి దగ్గరికి తీసుకురావాలి.

నాలుగో పాదంలో 'ఖాళీ'ని గణం కోసం కవి కుదించాడు. కుదించింది అక్షరాన్నే, ఆహారాన్ని కాదు. గంటసేపు రౌండ్స్‌లో నిలబడినప్పుడో, థియేటర్‌లో తొలిసారి రక్తం చూసినప్పుడో గుండె వేగమూ బీపీ పడిపోయి మెదడుకు రక్తం తగ్గుతుంది. దీన్నే వేసోవేగల్ సింకపీ అంటారు. తినకపోవడం, ఉక్కపోత దానికి తోడవుతాయి. చెమటలు పట్టి చూపు మసకబారుతుంటే మొహమాటపడకుండా పక్కవాళ్ళకు చెప్పి, వెనక్కి జరిగి కింద కూర్చోండి. ముందుకు పడితే స్టెరైల్ ట్రే మీద పడతారు. హాస్టల్ మెస్‌లో పెట్టింది ఉప్మా అయినా సరే, రెండు గరిటెలు తిని వెళ్ళండి.